గుర్రం కన్ను తెల్లారేదాకా ఆగదు

పశువైద్యం: మీ ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు గుర్రాల కళ్ల గురించే. ఆవులు, మేకల గురించి అడిగినవాళ్లకు వచ్చే నెల తప్పక రాస్తాను. వీటిని మాత్రం ముందుకు జరపక తప్పలేదు. ఎందుకో మొదటి ఉత్తరం చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: డాక్టరమ్మా, మాది తిరుపతి. మా నాయన కాలం నుంచి పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పుతున్నాం. ఇప్పుడున్నది తెల్ల ఆడగుర్రం, ఏడేళ్లది. గంగమ్మ జాతర వారంలో ముహూర్తాలు కూడా కలిసొచ్చి మూడు రాత్రులు వరసగా తిప్పాం. నాలుగో రోజు పొద్దున ఎడమ కన్ను సగం మూసేసింది. ఒకటే నీళ్లు. మా అమ్మ చనుబాలు పోయమంది. పక్కింటాయన పొగాకు నమిలి ఆ రసం ఊదమన్నాడు. నాకు అవేవీ నచ్చక మెడికల్ షాపులో మనుషుల కంటి చుక్కలు తెచ్చి వేశాను. ఒక రోజు బాగా తగ్గింది. మూడో రోజుకి నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేసింది. ఆ పువ్వు కరిగిపోవడానికి మందు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది. (పేరు వద్దన్న పాఠకుడు, తిరుపతి)

జవాబు: నాయనా, మీ ఉత్తరం పత్రిక ఆఫీసు తిరిగి నా చేతికి వచ్చేసరికి ఎనిమిది రోజులైంది. పత్రికలో జవాబు అచ్చయ్యేదాకా ఆగే జబ్బు కాదని మీరిచ్చిన నంబరుకు అప్పుడే ఫోన్ చేశాను. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. మిగతా గుర్రాలవాళ్ల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, మీరు ఒప్పుకున్నారు కాబట్టి.

మొదట ఆ చుక్కల సీసా మీద ఏముందో చదవమన్నాను. చిన్న అక్షరాలు, మీరు కూడబలుక్కొని చదివారు. యాంటీబయాటిక్ పేరు, దాని పక్కన డెక్సామెథసోన్. ఆ మాట వినగానే నాకు గుండె జారింది. ఆ సీసా పక్కన పెట్టేయండి, ఈ పూటే గుర్రాన్ని తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తోలుకురండి, నేనూ వస్తానన్నాను.

డెక్సామెథసోన్ స్టెరాయిడ్. ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్ కూడా ఆ కుటుంబమే. యాంటీబయాటిక్ చుక్కల పేరు చివర ‘డి’ అనో ‘డీఎక్స్’ అనో ఉంటే చాలావరకు అందులో స్టెరాయిడ్ కలిసిందనే అర్థం. కన్ను ఎర్రబడటం, వాపు, నొప్పి అన్నీ స్టెరాయిడ్ ఒక్క రోజులో అణిచేస్తుంది. అందుకే మీకు తగ్గినట్టు అనిపించింది. కానీ కంటి మీద పుండు ఉంటే, అక్కడికి చేరిన సూక్ష్మజీవులతో పోరాడే ఒంటి బలాన్ని కూడా అదే అణిచేస్తుంది. కాపలావాడిని నిద్రపుచ్చి వాకిలి తీసి పెట్టినట్టు. పుండు పైకి నెమ్మదిగా కనబడుతూ లోపల్లోపల లోతుగా దిగుతుంది.

ఆ రోజు ఆసుపత్రిలో మీరు గుర్రం తల పట్టుకొని నిలబడ్డారు కాబట్టి అన్నీ చూశారు. చూడనివాళ్లకు చెప్తాను. గుర్రం రెప్పకు చాలా బలం. నొప్పితో మూసిన కన్నును వేళ్లతో బలవంతంగా విప్పితే, లోతైన పుండు ఆ ఒత్తిడికే పగిలిపోవచ్చు. అందుకని కంటికి, చెవికి మధ్య ఎముక మీదుగా పోయే సన్నటి నరం దగ్గర మత్తుసూది వేశారు. రెండు నిమిషాలకు పై రెప్ప మెత్తబడి, పట్టుకుంటే లేచింది. అప్పుడు ఫ్లోరెసీన్ అనే నారింజ రంగు కాగితం పట్టీని సెలైన్‌లో తడిపి కంటికి తాకించారు. ఈ రంగుకు ఒక గుణముంది. నల్లగుడ్డు మీది పై పొర బాగుంటే అది అంటుకోదు, కన్నీటితో జారిపోతుంది. పొర లేచిపోయిన చోట మాత్రం పట్టుకుంటుంది. నీలం లైటు వేసి చూస్తే, మీ గుర్రం కంటి మధ్యలో కందిబద్దంత మేర చిక్కటి పచ్చ రంగు వెలిగింది. అదీ పుండు. మీరు పువ్వు అన్నది ఆ పుండు చుట్టూ నీరుపట్టి తెల్లబడిన భాగం.

కాబట్టి, పువ్వు కరగడానికి మందు అని అడగకండి. పువ్వు పైన పేరుకున్న మీగడ కాదు గీకి తీయడానికి. నల్లగుడ్డే అక్కడ తెల్లబడింది. ఆ గాజుపొర మందం మొత్తం 1 మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఉప్పు, పొగాకు రసం, ఉల్లిరసం లాంటివన్నీ ఆ 1 మిల్లీమీటరు మీద పడి ఇంకా కాలుస్తాయి. మీ అమ్మగారు చెప్పిన చనుబాలు మంటపెట్టవు గానీ, పాలలోని తీపి సూక్ష్మజీవులకు తిండి అవుతుంది. ఆమె ప్రేమతోనే చెప్పారు, కోపం పెట్టుకోకండి. కన్ను కడగాలంటే శుభ్రమైన సెలైన్ ఒక్కటే చాలు.

పుండు అంచు నుంచి కాస్త గోకి గాజుపలక మీద పూసి మైక్రోస్కోప్‌లో చూస్తే బూజు పోగులు కనబడ్డాయి. వేడి, తేమ ఉన్న మన ప్రాంతాల్లో గుర్రం కంట్లో బూజు పడటం అరుదేమీ కాదు. గడ్డిపోచో, ఊకో, ధూళిలోని నలుసో కంటిని గీరుతుంది. దాని వెంట వచ్చిన బూజు ఆ గీతలో నాటుకుంటుంది. మీరు వేరుశెనగ కట్టెను పైన వలలో వేలాడగట్టి మేపుతామన్నారు. గుర్రం తల పైకెత్తి లాగిన ప్రతిసారీ ఆ దుమ్మంతా నేరుగా కళ్లలోకి రాలుతుంది. దులిపి, కొంచెం నీళ్లు చల్లి, నేల మీద తొట్టిలో వేయండి. ఊరేగింపులో నుదుటి మీద వేలాడే జరీ కుచ్చులు కూడా రెప్పలకు తగలకుండా పైకి కట్టండి. జాతర రోజుల్లో పసుపు, కుంకుమ, రంగు కాగితాల ముక్కలు గుర్రం ముఖం మీద చల్లనివ్వకండి. పెళ్లివాళ్లు ఏమన్నా అనుకుంటారని మొహమాటపడి ఊరుకోవద్దు.

వైద్యం ఏం జరిగిందంటే, బూజుకు నాటామైసిన్ చుక్కలు, సూక్ష్మజీవులకు స్టెరాయిడ్ లేని యాంటీబయాటిక్ చుక్కలు, నొప్పికి ఇంజెక్షన్. కనుపాప నొప్పితో బిగుసుకుపోతుంది కాబట్టి దాన్ని సడలించడానికి అట్రోపిన్. దీనితో రెండు జాగ్రత్తలు. కనుపాప రోజుల తరబడి విప్పారి ఉంటుంది, ఎండ చూడలేదు, నీడలో కట్టేయాలి. గుర్రం పేగుల కదలికను కూడా ఇది మందగింపజేయవచ్చు. లద్దె రోజూ ఎన్నిసార్లు వేస్తోందో లెక్కపెట్టండి. తగ్గినా, గుర్రం పక్కలు చూసుకుంటూ నేల తవ్వుతున్నా వెంటనే డాక్టరుకు చెప్పండి, అది కడుపుశూల గుర్తు.

ఇంకొకటి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. మీ గుర్రం రక్తమే తీసి, గడ్డకట్టాక పైన తేలిన పసుపు రంగు ద్రవాన్ని చుక్కలుగా వేశారు. దాన్ని సీరం అంటాం. పుండు ముదిరితే కొన్ని రసాలు పుట్టి నల్లగుడ్డును జావలా కరిగించేస్తాయి. సీరం ఆ రసాలను అడ్డుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టుకొని, డాక్టరు చెప్పిన గడువుకు పాతది పారబోసి కొత్తది చేయించుకోవాలి.

మొదటి రోజుల్లో గంటకు, రెండు గంటలకు ఒకసారి మందు పడాలి. నొప్పిగా ఉన్న కన్నును అన్నిసార్లు తాకితే ఏ గుర్రమైనా తిరగబడుతుంది. అందుకే పై రెప్పలోంచి సన్నటి గొట్టం పెట్టి, దాన్ని నుదుటి మీదుగా తెచ్చి జూలుతో కలిపి జడ అల్లారు. మెడ దగ్గర నిలబడి గొట్టంలో మందు ఎక్కిస్తే కంట్లోకి చేరుతుంది. మీ చెల్లెలు రాత్రి రెండు గంటలకు లేచి మందు ఎక్కించి నోటుపుస్తకంలో టిక్కు పెట్టిందట. ఆ పుస్తకం చూశాను. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. మందుతో పాటు ఆ పిల్ల కష్టం కూడా ఆ కన్నును నిలబెట్టింది.

ఇది రాస్తున్న నాటికి ఐదో వారం. పచ్చ రంగు అంటుకోవడం ఆగింది. నల్లగుడ్డు అంచు నుంచి ఎర్రటి సన్న నరాలు లోపలికి పాకాయని మీరు కంగారుపడి ఫోన్ చేశారు. అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పాకుతాయి, పుండు మానడానికి రక్తం మోసుకొస్తాయి. పని అయ్యాక వాటంతట అవే సన్నబడతాయి. మధ్యలో తెల్లమచ్చ మాత్రం మిగులుతుంది. ఆ వైపు చూపు కొంత తగ్గుతుంది. ఊరేగింపుకు ఎప్పుడు తిప్పొచ్చో చికిత్స చేసిన డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా ముహూర్తాల గురించి నన్ను అడగొద్దు, నేను ఒప్పుకోను.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లె ఆసుపత్రికి జట్కా లాగే ముసలి గుర్రాన్ని తెచ్చారు. కంట్లో నీళ్లు, ఎరుపు. నా దగ్గర రంగు పట్టీలు లేవు. తెప్పించుకోవాలన్న పట్టుదలా లేదు. కళ్లకలక అనుకొని బీరువాలో ఉన్న ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపాను. అందులో స్టెరాయిడ్ ఉంది. ఐదో రోజు మళ్లీ తెచ్చేసరికి నల్లగుడ్డు మధ్యలో ముత్యమంత బుడిపె పొడుచుకొచ్చి ఉంది. ఆ కన్ను తీసేయాల్సి వచ్చింది. జట్కా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ‘పోనీలేమ్మా, ఇంకో కన్నుందిగా’ అన్నాడు. తర్వాత చాలాకాలం బజారులో కనబడేవాడు. బండి ఎక్కకుండా ఆ గుడ్డి వైపున గుర్రానికి ఆనుకొని నడుస్తూ పోయేవాడు. ఆ రోజు నుంచి ఫ్లోరెసీన్ పట్టీలు నా చేతిసంచిలోనే ఉంటాయి, రిటైరయ్యాక కూడా.

గుర్రం కంటికి నొప్పి ఉందో లేదో మీరే పట్టుకోవచ్చు. ఎదురుగా నిలబడి రెండు కళ్ల పై రెప్పల వెంట్రుకలు పోల్చండి. బాగున్న కంటికి అవి ముందుకు చాచుకొని ఉంటాయి. నొప్పి ఉన్న కంటికి వానకు తడిసిన చూరుగడ్డిలా కిందికి వాలతాయి. కన్ను ఇంకా పూర్తిగా మూయకముందే ఈ తేడా తెలుస్తుంది. వాలితే ఆ పూటే డాక్టరుకు చూపించండి. పల్లెల్లో ఉన్నవాళ్లు 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం అడగండి. ఈలోగా గుర్రం కన్నును గోడకు, మోకాలికి రుద్దుకోకుండా నీడలో పొట్టి పగ్గంతో కట్టి, పక్కన ఒకరు ఉండండి. ఇంట్లో మిగిలిపోయిన ఏ ట్యూబూ వేయకండి.

ప్రశ్న: మా గుర్రం కుడి కంట్లో తెల్లదారం లాంటిది ఈదుతోంది. నిజంగా కదులుతోంది మేడమ్, వీడియో కూడా తీశాం. ఊళ్లోవాళ్లు కంట్లో పాము దూరిందంటున్నారు. పశువులకు వేసే పురుగుల మందు తాగిస్తే చచ్చిపోతుందా? (ఒక పాడిరైతు, పలమనేరు)

జవాబు: మీరు చూసింది నిజమే. అది పాము కాదు, సెటేరియా అనే పురుగు పిల్ల. ఇది అసలు ఆవుల పొట్టలో కాపురం ఉండే పురుగు. అక్కడ ఆవుకు పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆవును కుట్టిన దోమ దీని పిల్లలను మోసుకొచ్చి గుర్రాన్ని కుడితే, అవి దారి తప్పుతాయి. ఒకటి రెండు ఇలా కంట్లోకి చేరతాయి. మీరు పాడిరైతులు, కొట్టం పక్కనే గుర్రాన్ని కట్టేస్తున్నామని రాశారు. చుట్టూ ఆవులు, మురుగు, దోమలు. దానికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి.

మందు తాగించి ఊరుకుంటే సరిపోదు. పురుగు కంటిలోనే చస్తే ఆ కళేబరం వల్ల కన్ను ఇంకా వాచిపోవచ్చు. బతికి ఈదుతున్నప్పుడే తీయించడం మంచిది. గుర్రానికి మత్తిచ్చి, నల్లగుడ్డు అంచున సన్నటి రంధ్రం చేస్తారు. లోపలి నీటితో పాటు దారంలాంటి పురుగు బయటికి జారుతుంది. చేయి తిరిగిన డాక్టరుకు కొద్ది నిమిషాల పని. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ పురుగు దూది మీద ఇంకా మెలికలు తిరుగుతూనే ఉంది. ఆలస్యమైతే అది తిరిగిన కొద్దీ కన్నంతా నీలంగా మసకబారి, తీసినా చూపు పూర్తిగా రాకపోవచ్చు. తిరుపతి మీకు దూరమే, అయినా ఆగకుండా ఈ వారంలోనే తీసుకెళ్లండి.

గుర్రాన్ని కొట్టానికి దూరంగా మార్చండి, సాయంత్రం దోమతెరో పొగో పెట్టండి, పొగ మాత్రం కళ్లకు నేరుగా తగలనీయకండి. ఇదే పురుగు పిల్ల వెన్నుపాములోకి పోతే గుర్రం వెనక కాళ్లు తూలుతాయి. నడకలో తేడా కనబడితే అది వేరే తొందర, వెంటనే చెప్పండి.

ప్రశ్న: మా మగగుర్రానికి రెండు మూడు నెలలకోసారి ఒకే కన్ను మసకేస్తుంది. వారం పది రోజులకు తగ్గిపోతుంది. అమావాస్యకు వస్తుందని మా మామ నమ్మకం. పోయినసారి మీరు ఒక సభలో గుర్రాల కళ్లకు స్టెరాయిడ్ వద్దన్నారు. మా డాక్టరు స్టెరాయిడ్ చుక్కలే రాశారు. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి)

జవాబు: మీ డాక్టరు మాటే వినండమ్మా. నా మాట పూర్తిగా చెప్పలేకపోయినందుకు బాధగా ఉంది. నేను వద్దన్నది పుండు ఉన్న కంటికి, పరీక్ష చేయని కంటికి. మీ గుర్రానిది కంటి లోపలి పొరల వాపు, యువియైటిస్ అంటాం. ఇది తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ లోపల కొంత పాడుచేసి పోతుంది. గుర్రాలు చూపు కోల్పోవడానికి ప్రపంచమంతటా పెద్ద కారణాల్లో ఇది ఒకటి. దీనికి స్టెరాయిడ్ చుక్కలు, అట్రోపిన్ ప్రధానమైన మందులు. ఒకే చుక్క ఒక కన్నును కాపాడుతుంది, ఇంకో కన్నును తీసేస్తుంది. తేడా చెప్పేది ఆ నారింజ రంగు కాగితం పట్టీ. కాబట్టి మీ డాక్టరును ఒక్కటే అడగండి, ‘రంగు వేసి చూశారా’ అని. చూశారంటే నిశ్చింతగా వేయండి. వచ్చే నెల మళ్లీ కన్ను మూసినప్పుడు మాత్రం పాత సీసా మీరే తీసి వేయొద్దు. అప్పుడు పుండు ఉండొచ్చు, మళ్లీ రంగు వేయించాలి.

అమావాస్య సంగతి మీ మామగారికే తట్టింది కాదు. ఇంగ్లీషువాళ్లు కూడా పూర్వం దీన్ని చంద్రుడితో ముడిపెట్టి పేరు పెట్టారు. వచ్చీ పోతూ ఉండే జబ్బు కదా, పెద్దవాళ్లు చంద్రుడి లెక్కలో చూశారు. ఇప్పుడు తెలిసిన కారణాల్లో ముఖ్యమైనది లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి. ఎలుకల మూత్రంతో నీళ్లలో చేరుతుంది. గుర్రానికి గుంటల్లో నిలిచిన నీళ్లు తాపకండి, ఉలవల గోతాలు ఎలుకలు దూరని డబ్బాల్లో పెట్టండి. గుర్రం మూత్రం, తడిసిన పరుపుగడ్డి చేత్తో ఎత్తేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, ఈ సూక్ష్మజీవి మనుషులకూ వస్తుంది. కన్ను మసకేసిన తేదీలన్నీ క్యాలెండరులో రాసి ఉంచండి. మీ డాక్టరుకు అది చాలా పనికొస్తుంది.

ప్రశ్న: డాక్టర్ ఆంటీ, నేను ఎనిమిదో తరగతి. మా తాతయ్య గుర్రం కళ్లు దగ్గరగా చూస్తే కనుపాప పై అంచున నల్లగా గడ్డలు వేలాడుతున్నాయి, రెండు కళ్లలోనూ. గుర్రం బాగానే తింటోంది, నీళ్లు కూడా కారడం లేదు. అది క్యాన్సరా? నాకు భయంగా ఉంది. (ఒక విద్యార్థిని, చిత్తూరు)

జవాబు: కాదు తల్లీ, భయపడకు. అవి ప్రతి గుర్రానికీ ఉంటాయి. మనం ఎండలో కళ్ల మీద చెయ్యి అడ్డుపెట్టుకుంటాం కదా, గుర్రానికి ఆ నీడ కంటి లోపలే ఉంది. ఎక్కువ వెలుగు లోపలికి పడకుండా ఆ నల్లముద్దలు ఆపుతాయని అనుకుంటాం. అవి నున్నగా, రెండు కళ్లలో ఇంచుమించు ఒకేలా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఒక కంట్లో మాత్రమే పెరుగుతున్నా, ఆకారం మారుతున్నా తాతయ్యకు చెప్పి డాక్టరుకు చూపించు.

గుర్రం కనుపాప మనలా గుండ్రంగా ఉండదు, అడ్డంగా పడుకున్న కోడిగుడ్డులా ఉంటుంది. ఈసారి పొద్దున్నే కొట్టంలో ఒకసారి, తాతయ్య ఎండలోకి తెచ్చాక ఒకసారి చూడు. ఎండలో కనుపాప సన్నటి గీతలా ముడుచుకుంటుంది, పైనున్న నల్లముద్దలు కింది అంచు దాకా వచ్చినట్టు కనబడతాయి. చూసేటప్పుడు దాని ముక్కుకు ఎదురుగా నిలబడొద్దు, అక్కడ మనం దానికి సరిగ్గా కనబడం. కొంచెం పక్కగా, భుజం దగ్గర, పేరు పెట్టి పిలుస్తూ నిలబడు. ఏం కనబడిందో బొమ్మ వేసి పంపు, వచ్చే నెల పత్రికలో వేయమని నేను అడుగుతాను.